అన్ని యుద్ధాలూ వద్దంటేనే: నా 394 రోజులు

2008 ఫిబ్రవరి 22, శుక్రవారం మధ్యాహ్నం అమెరికా సైన్యం నన్ను వదిలిపెట్టింది. డిశ్చార్జి కాగితంలో కారణం రాసే గడిలో ‘కాన్షియన్షస్ అబ్జెక్టర్’ అని ఉంది. దానికి తెలుగులో సరైన మాట నాకు దొరకలేదు. మనసు ఒప్పక ఆయుధం వద్దన్నవాడు అనుకోండి. అమ్మ మాత్రం హ్యూస్టన్‌లో అడిగినవాళ్లందరికీ ‘కాంట్రాక్టు అయిపోయింది’ అని చెబుతోంది. అదీ పూర్తిగా అబద్ధమేమీ కాదు.

దరఖాస్తు పెట్టే ముందు దీని గురించి తెలుగులో ఎవరైనా రాశారేమోనని వెతికాను. ఏమీ దొరకలేదు. మనవాళ్ల పిల్లలు ఇక్కడ సైన్యంలో ఉన్నదే కొద్దిమంది, అందులో ఈ దారి పట్టేవాళ్లు ఎందరుంటారు? ఉంటే గింటే వాళ్ల కోసం తారీఖులతో సహా రాస్తున్నాను. మిగతావాళ్లు కథలాగా చదువుకోండి.

మాది పాలమూరు జిల్లా, జడ్చర్ల దగ్గర. అమ్మ నర్సు. 1994లో అమ్మతోపాటు ఇక్కడికి వచ్చినప్పుడు నాకు పద్నాలుగేళ్లు. 2002లో పౌరసత్వం తీసుకున్న రోజు చెయ్యెత్తి చేసిన ప్రమాణంలో, చట్టం కోరితే ఈ దేశం తరఫున ఆయుధం పడతానన్న వాక్యం కూడా ఉంది. మూడొందల మందితో కలిసి గొంతు కలిపాను. ఆ వాక్యం ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు దాటిపోయిందో కూడా గమనించలేదు. 2004 ఫిబ్రవరిలో సైన్యంలో చేరాను. కాలేజీ అప్పు ఒక కారణం. గెడ్డం పెంచినప్పుడల్లా పెట్రోలు బంకులో జనం చూసే చూపు ఇంకో కారణం. ఐదేళ్ల ఒప్పందం, 6,000 డాలర్ల బోనస్, లారీ డ్రైవరు పని. చేరేటప్పుడు నింపే ఫారంలో ‘మీరు కాన్షియన్షస్ అబ్జెక్టరా?’ అని ఒక ప్రశ్న ఉంటుంది. అంటే ఏంటని రిక్రూటర్‌ను అడిగాను. “అది నీకు కాదులే, నో కొట్టు” అన్నాడు. కొట్టాను.

ఆ నవంబరులో కువైట్ వెళ్లాం. ఇరాక్‌లో సామూహిక వినాశక ఆయుధాల నిల్వలేవీ లేవని ప్రభుత్వం వేసిన తనిఖీ బృందమే అంతకు నెల ముందు తేల్చి చెప్పింది. మా బారక్స్‌లో దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. బూట్లకు ఏ లేసులు మంచివన్నదాని మీద మాత్రం రెండు రోజులు వాదించుకున్నాం.

కువైట్ క్యాంపు మెస్సులో అన్నం వడ్డించే ఒకాయన నా చొక్కా మీద ఇంటిపేరు చూసి గరిటె ఆపేశాడు. “ఏం సార్, మీరు తెలుగోళ్లా? అమెరికా మిల్ట్రీలో మనోళ్లు కూడా ఉంటారా?” రాయచోటి ఆయన. ఏజెంటుకు కట్టిన అప్పు ఇంకా తీరలేదట. ఆ రోజు నుంచి నాకు అన్నం రెండు గరిటెలు ఎక్కువ పడేది. ఒకసారి, సరిహద్దు దాటి ఇరాక్‌లో పనిచేస్తే జీతం ఎక్కువిస్తామని తన కంపెనీ వాళ్లు అడుగుతున్నారనీ, ఇరాక్ పోకూడదని మన ప్రభుత్వం నిషేధం పెట్టింది కాబట్టి తను పోననీ చెప్పాడు. “నేను పోనంటే టికెట్టు కొట్టి ఇంటికి పంపిస్తారు, అంతే కదా. మీరు పోనంటే ఏం చేస్తారు సార్?”

జైల్లో పెడతారని చెప్పాను. నవ్వుకున్నాం ఇద్దరం.

కువైట్ నుంచి ఉత్తరానికి పోయే హైవేకు సైన్యం టాంపా అని పేరు పెట్టుకుంది. లారీల వరుస అక్కడ ఆగకూడదు. ఆగితే బాంబు, ఆగితే మెరుపుదాడి. రోడ్డు మీదికి ఎవరొచ్చినా బ్రేకు తొక్కొద్దనేది మాకు చెప్పిన నియమం. నీళ్ల సీసాల కోసం, చాక్లెట్ల కోసం పిల్లలు రోడ్డు అంచుకు వస్తారు. వాళ్లను అడ్డం పెట్టి మమ్మల్ని ఆపుతారని చెప్పేవాళ్లు. నిజంగా అలా జరిగిందా అని అడిగే ధైర్యం నాకుండేది కాదు.

2005 జూన్ రెండో వారం. ఇసుక గాలి, ముందున్న లారీ వెనక లైట్లు తప్ప ఏమీ కనబడ్డం లేదు. నా పక్క సీట్లో ఒహాయో. అది వాడి రాష్ట్రం పేరు, మేం వాణ్ని అలాగే పిలిచేవాళ్లం. ముందు కుడి చక్రం కింద ఒక కుదుపు. ఒక్క క్షణం తర్వాత వెనక చక్రాల కింద రెండు. అంతే. ఒహాయో అద్దంలోకి చూశాడు, దుమ్ము. “మేక,” అన్నాడు. “ఆఁ, మేక,” అన్నాను. ఆ తర్వాత నాలుగు గంటలు ఇద్దరం మాట్లాడుకోలేదు. రాత్రి బండి ఆపాక వాడు నిద్రపోయాడు. నేను చాకుతో డాష్‌బోర్డు మీద, ఏసీ మీటకు పక్కన, తెలుగులో రెండక్షరాలు గీసుకుంటూ కూచున్నాను.

అక్టోబరులో తిరిగొచ్చాం. ఏడాది పాటు మామూలుగానే ఉన్నాననుకున్నాను. 2006 సెప్టెంబరులో, వచ్చే జూన్‌లో మళ్లీ పోవాలని ప్రకటించారు. ఆ సాయంత్రం కారు పార్కింగ్‌లో కూచుని స్టీరింగ్ మీద చేతులు పెట్టాను. తియ్యలేకపోయాను. నలభై నిమిషాలు.

సైనికుల హక్కుల గురించి ఉచితంగా సలహా చెప్పే ఫోన్ హాట్‌లైన్ ఒకటుంది. అక్టోబరులో దానికి ఫోన్ చేశాను. ఎత్తినావిడ పెద్దవయసు మనిషి, వెనక కుక్క మొరుగుతోంది. ఈ యుద్ధం అన్యాయం, అబద్ధం మీద మొదలుపెట్టారు, నేను పోను అని గడగడా చెప్పేశాను. అంతా విని ఆవిడ అన్న మాటతో నాకు గొంతు తడారిపోయింది. ‘ఈ’ యుద్ధం వద్దంటే చట్టం ఒప్పుకోదట. ఏ రూపంలోనైనా సరే, యుద్ధమన్నదే వద్దనాలి. వియత్నాం రోజుల్లో ఒకతను ఈ ఒక్క యుద్ధం అన్యాయమని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు, గిల్లెట్ అని. 1971లో ఎనిమిది మంది జడ్జీలు కాదన్నారు, ఒక్కరు అవునన్నారు. అప్పట్నుంచీ అదే చట్టం. మతం ఉండి తీరాలనేం లేదు, నీతి నమ్మకమైనా చాలు. కానీ అది రాజకీయ అభిప్రాయం కాకూడదు. పైగా సైన్యంలో చేరాకే కలిగి ఉండాలి. చేరకముందు నుంచే ఉంటే, మరి అప్పుడు ‘నో’ ఎందుకు కొట్టావంటారు.

“అయితే ఏం రాయమంటారు?” అని అడిగాను.

“ఏం రాయాలో నేను చెప్పను. నీకు ఏది నిజమో అది ముందు తేల్చుకో. తేలాక ఫోన్ చెయ్యి” అని పెట్టేసింది. అప్పుడు కోపమొచ్చింది. ఇప్పుడు దండం పెట్టాలనిపిస్తుంది.

మొదటి చిత్తు పదకొండు పేజీలు. అందులో తొమ్మిది పేజీలు బుష్ గురించే. చింపేశాను. రెండో చిత్తు మొదలుపెట్టడానికి మూడు వారాలు పట్టింది. ఎందుకంటే, ఆ కుదుపు న్యాయమైన యుద్ధంలో వచ్చి ఉంటే నాకు ఫరవాలేదా అన్న ప్రశ్న అడ్డం పడింది. ఫరవాలేదని అనుకుని చూశాను. కుదరలేదు. ఆయుధాలు దొరికే ఉన్నా, సద్దాం రేపే దాడి చేయబోతున్నాడన్నా, ఆ చక్రం కింద ఉన్నది ఏదో దానికి తేడా ఏముంది? అక్కడి నుంచి రాశాను. ఆరు పేజీలు.

దరఖాస్తులో ఏం అడుగుతారో చెబుతాను. పదహారో ఏట నుంచి చదివిన బళ్లు, ఉన్న చిరునామాలు, చేసిన పనులు. ఆ తర్వాత అసలైనవి: నీ నమ్మకం ఏంటి, ఎలా ఏర్పడింది, ఎప్పుడు సైన్యానికీ దానికీ పొత్తు కుదరకుండా పోయింది, ఎలాంటి పరిస్థితుల్లో బలప్రయోగం సరైందంటావు, నీ రోజువారీ బతుకు దానివల్ల ఏం మారింది, నీ నమ్మకం ఎంత లోతుదో అన్నిటికన్నా స్పష్టంగా చూపించేది ఏది. చివరి రెండింటి దగ్గరే ఆగిపోయాను. నా బతుకులో ఏం మారింది? వారానికి రెండుసార్లు బాస్కెట్‌బాల్ ఆడేవాణ్ని, ఇప్పుడూ ఆడుతున్నాను. ధ్యానం లేదు, ఊరేగింపులు లేవు.

తెలిసినవాళ్ల దగ్గర ఉత్తరాలు తీసుకుని జతచెయ్యొచ్చు. హైస్కూలు టీచరు ఒకావిడ రాసిచ్చింది, పాత రూమ్మేట్ రాసిచ్చాడు. అమ్మ వెళ్లే తెలుగు చర్చి పాస్టరుగారు, రోమా పత్రిక 13వ అధ్యాయం చదువుకో బాబూ, అధికారులకు లోబడి ఉండమని ఉంది అన్నారు. అమ్మను అడగడానికి భయపడ్డాను. అడిగితే అన్నది ఇదీ: “చేరిననాడు నన్ను అడిగినవా? జీతం తిన్నవు, బోనస్ తిన్నవు. ఇప్పుడు ఇడుస్తనంటే ఎట్ల బిడ్డా? ఉప్పు తిన్నంక మాట మీద నిలబడాలె గద.”

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ పూర్తి జవాబు లేదు.

కానీ వారం తర్వాత పోస్టులో ఒక కవరు వచ్చింది. రూళ్ల కాగితం, తెలుగులో, అమ్మ చేతి రాత: “నా కొడుకు 2005 అక్టోబర్ల ఇంటికి వచ్చిండు. ఆదివారం మేక కూర వండిన. ముట్టలే. ఎందుకని అడిగిన, చెప్పలే. ఏడాది దాటింది, ఇప్పటిదాంక ముట్టలే. చిన్నప్పుడు తలకాయ కూరకు అన్నదమ్ములతోని కొట్లాడెటోడు. ఇంతకన్న నాకు తెల్వది.” కింద సంతకం.

ఆ కుదుపు సంగతి నేను అమ్మకు ఎన్నడూ చెప్పలేదు. అంతకన్నా వింత, నేను మేక కూర తినడం లేదని నాకే తెలియదు. కోడి తింటున్నాను, చేప తింటున్నాను. మెస్సులో మేక ఎలాగూ ఉండదు. ఆ కాగితం పట్టుకుని వంటింట్లో నేల మీద కూచుండిపోయాను.

ఇక్కడొక చిన్న చిక్కు. ఉత్తరం నేను అనువాదం చేస్తే చెల్లదేమోనని భయమేసింది. సర్టిఫికెట్ ఉన్న అనువాదకుడు ఆ ఒక్క పేజీకి 45 డాలర్లు తీసుకున్నాడు. ‘తలకాయ కూర’ దగ్గర ఫోన్ చేసి, దీన్ని ఎలా రాయమంటారని అడిగాడు.

2006 డిసెంబరు 11, సోమవారం ఉదయం మొత్తం 23 పేజీలు ఆఫీసులో ఇచ్చాను. ఫారంలో ఒక సంతకం తక్కువైందని పదిహేడు రోజుల తర్వాత తిప్పి పంపారు. ఆ పదిహేడు రోజులూ అది ఒక బల్ల మీద కదలకుండా పడి ఉంది. ప్రతి కాగితం నాలుగు కాపీలు తీసి, ఇచ్చిన రోజు తీసుకున్నవాడి చేత తేదీ వేయించుకోవడం అప్పట్నుంచి అలవాటు చేసుకున్నాను. మీరు మొదటి రోజు నుంచే చెయ్యండి.

దరఖాస్తు నడుస్తున్నంతకాలం ఆయుధ శిక్షణ చెయ్యక్కర్లేదు. యూనిఫాం వేసుకోవాలి, చెప్పిన పని చెయ్యాలి. ఇది ముఖ్యం: యూనిఫాం వెయ్యనన్నా, పని మానేసినా తర్వాత మాజీ సైనికుల సదుపాయాలన్నీ పోతాయి. నన్ను లారీ మీంచి దింపి పనిముట్ల గదిలో పడేశారు. పానాలు లెక్కపెట్టడం, ఇవ్వడం, తీసుకోవడం. సార్జెంట్ నాతో మాట్లాడ్డం మానేశాడు, అది నయం. భోజనం దగ్గర నా బల్ల ఖాళీ అయ్యేది, అది నయం కాదు. లాకరు మీద ఎవరో కోడిపిల్ల బొమ్మ అంటించారు, ఇంగ్లిష్‌లో ‘చికెన్’ అంటే పిరికివాడని. నా ఎదురుగా కూచుని తినేవాడు ఒహాయో ఒక్కడే.

జనవరి 18న చాప్లిన్‌తో, అంటే సైన్యంలో ఉండే పాస్టరుతో ఇంటర్వ్యూ. మామూలుగా చాప్లిన్‌కు చెప్పింది బయటికి పోదు. ఈ ఇంటర్వ్యూలో మాత్రం పోతుంది, నీ నిజాయితీ మీద ఆయన రిపోర్టు రాస్తాడు. ఆ మాట ఆయనే మొదట చెప్పాడు. మీ కుటుంబానిది ఏ చర్చి అని అడిగాడు. ఎం.బి. చర్చి అన్నాను. అంటే? చిన్నప్పటి నుంచీ ఎం.బి. అనే విన్నాను, విప్పి చెప్పమని ఎవరూ అడగలేదు. కాసేపు ఆలోచించి “మెన్నొనైట్ బ్రెదరెన్” అన్నాను.

ఆయన కలం కింద పెట్టేశాడు. “మెన్నొనైట్లా? ఆ మాట దరఖాస్తులో ఎక్కడా రాయలేదేం?”

అప్పుడు తెలిసింది నాకు. మెన్నొనైట్లు 16వ శతాబ్దం నుంచి కత్తి పట్టబోమని చెప్పి దేశాలు పట్టి తిరిగినవాళ్లట. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయుధం వద్దన్నవాళ్లను అడవుల్లో, పిచ్చాసుపత్రుల్లో పనికి పెడితే, ఆ సుమారు 12,000 మందిలో అందరికన్నా ఎక్కువమంది వాళ్లేనట. పాలమూరుకొచ్చిన మిషనరీలు ఆ గుంపువాళ్లు. మాకు ఆస్పత్రి ఇచ్చారు, బడి ఇచ్చారు, పాటలిచ్చారు. ఈ ఒక్క సంగతి దారిలో ఎక్కడో జారిపోయినట్టుంది. మా ఇంట్లో ఎవరూ ఎరగరు. మా మేనమామ కొడుకు మిలిటరీలో చేరితే అదే చర్చిలో లేచి నిలబడి స్తుతి చెప్పారు.

చాప్లిన్ దయగల మనిషి. కావాలంటే దరఖాస్తుకు ఒక పేజీ కలుపు, మెన్నొనైట్ అన్న మాటకు దరఖాస్తును తేల్చే బోర్డు దగ్గర విలువుంటుంది అన్నాడు. రాత్రంతా ఆలోచించాను. అబద్ధమేమీ కాదు కదా, మా అమ్మమ్మ బాప్తిస్మం తీసుకున్నది ఆ చర్చిలోనే. కానీ నాకు ఈ నమ్మకం అక్కడ పుట్టలేదు. టాంపా మీద పుట్టింది. పేజీ కలపలేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, తర్వాత నెలల తరబడి ఎంత మూర్ఖుణ్నని తిట్టుకున్నాను.

మానసిక వైద్యుడి దగ్గర అపాయింట్‌మెంట్ ఫిబ్రవరి 27కు గాని దొరకలేదు. తిరిగొచ్చిన సైనికులతో క్లినిక్ నిండిపోయి ఉంది. ఇరవై ఐదు నిమిషాల్లో అయిపోయింది. పిచ్చి లేదని రాశాడు.

ఆ మధ్యలోనే వటాడా కేసు. ఎరెన్ వటాడా అని ఒక లెఫ్టినెంట్, ఇరాక్ యుద్ధం చట్టవిరుద్ధం కాబట్టి పోనన్నాడు. అఫ్ఘానిస్తాన్‌కు పంపండి, పోతానన్నాడు. సైన్యం ఒప్పుకోలేదు. ఫిబ్రవరిలో కోర్టు మార్షల్ మొదలై మధ్యలోనే చెల్లకుండా పోయింది, నేను ఇది రాసేనాటికి తేలలేదు. పనిముట్ల గదిలో రేడియో వింటూ ఒహాయో అన్నాడు: “అదీ మాట. మా తాత నార్మండీలో దిగాడు. ఆ యుద్ధమైతే నేనూ పోతాను. ఇది పోను.” జనవరిలోనే వాడూ దరఖాస్తు పెట్టాడు. నేను నా హాట్‌లైన్ ఆవిడ చెప్పినదంతా వాడికి చెప్పాను. “అయితే మా తాత హంతకుడని రాయమంటావా?” అన్నాడు.

విచారణ ఏప్రిల్ 19న. మా బెటాలియన్‌తో సంబంధం లేని ఒక కెప్టెన్‌ను విచారణాధికారిగా వేశారు. కోర్టులా ఉండదు, శిక్షణ గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, చెడిపోయిన కాఫీ మిషను. లాయరును పెట్టుకోవచ్చు, ఖర్చు మనదే. నన్ను 3,000 డాలర్లు అడిగారు, వద్దనుకున్నాను. 39 డాలర్లు పెట్టి టేపు రికార్డరు కొనుక్కున్నాను. గంటా పది నిమిషాలకు బ్యాటరీ అయిపోయింది. కెప్టెనే తన సొరుగులోంచి రెండు బ్యాటరీలు తీసిచ్చాడు.

రెండు గంటల నలభై నిమిషాలు అడిగాడు. మీ అమ్మ మీద ఎవడైనా దాడి చేస్తే? అడ్డుకుంటాను. దీనికి భయపడొద్దు, చేతులు ముడుచుకుని కూచోమని చట్టం అడగదు, అడిగేది యుద్ధం గురించే. పౌరసత్వం రోజు ఆయుధం పడతానని ప్రమాణం చేశావు కదా? చేశాను, అప్పుడు అబద్ధం కాదు. మీ భగవద్గీత యుద్ధం చెయ్యమనే కదా చెబుతుంది? నేను క్రైస్తవుణ్ని సార్ అన్నాను. అయినా వదల్లేదు, ఎక్కడో చదివినట్టున్నాడు. సరే, అదే భారతంలో బలరాముడు ఏ పక్షమూ పట్టకుండా తీర్థయాత్రలకు పోయాడు సార్ అన్నాను. రాసుకున్నాడు.

బయటికొచ్చాక గుర్తొచ్చింది, చెప్పవలసింది యుయుత్సుడి సంగతి. మాకు బళ్లో తెలుగు అయ్యవారు చెప్పేవారు. యుద్ధం మొదలవబోయే ముందు ధర్మరాజు, ఇటు రావాలనుకునేవాడు ఎవడైనా ఉంటే రావచ్చని కేకేస్తే, ధృతరాష్ట్రుడి కొడుకే ఒకడు గీత దాటి వచ్చేశాడు. ఈ యుద్ధంలో ఈ పక్షం తప్పు అన్నాడు, అంతే. అన్ని యుద్ధాలూ వద్దన్నావా అని వాణ్ని ఎవరూ అడగలేదు. ఒహాయోకు కావలసింది ఆ కేక. కురుక్షేత్రంలో అయినా ఒక నిమిషం ఇచ్చారు, ఈ దరఖాస్తులను నడిపించే మా సైన్యం 600-43 రెగ్యులేషన్‌లో అది లేదు.

చివరికి అందరినీ అడిగే ప్రశ్న. హిట్లర్‌తోనైనా పోరాడేవాడివి కాదా?

దీనికి సిద్ధపడే వెళ్లాను. తీరా నోట్లోంచి వచ్చింది వేరు. “1942లో ఉంటే ఏం చేసేవాణ్నో నాకు తెలియదు సార్. చేరేవాణ్నేమో. కానీ ఇప్పుడు, నాకు తెలిసింది తెలిశాక, ఆ లారీ ఎవరి మీదికైనా సరే తోలను. ఆ యుద్ధంలోనూ ఆగకూడని రోడ్లు ఉండే ఉంటాయి.”

“ఆ రోజు అది నిజంగా మేకే అయి ఉండొచ్చు కదా?”

“అయి ఉండొచ్చు సార్. దిగి చూసే హక్కు నాకు లేకపోయింది.”

ఆయన అమ్మ ఉత్తరం తీసి మళ్లీ చదివాడు. తలకాయ కూర అంటే ఏంటని అడిగాడు. చెప్పాను.

మే 14న రిపోర్టు చేతికొచ్చింది. అభ్యంతరాలుంటే పది రోజుల్లో చెప్పుకోవాలి. 1-ఓ ఇవ్వమని రాశాడు, అంటే పూర్తిగా విడుదల. ఆయుధం లేకుండా సైన్యంలోనే ఉంచే 1-ఎ-ఓ అని ఇంకోటుంది. నువ్వు 1-ఓ అడిగితే రాజీగా దాన్ని అంటగట్టకూడదని నిబంధన. మా బెటాలియన్ కమాండరు మాత్రం తిరస్కరించమని రాశాడు. ఫైలు వాషింగ్టన్ దారి పట్టింది, బోర్డు దగ్గరికి.

ఒహాయో విచారణాధికారి వేరే. వాడికీ అదే ప్రశ్న వేశాడట, హిట్లర్. “పోరాడేవాణ్ని, మా తాతలాగే” అన్నాడట. రిపోర్టులో వాడి నిజాయితీ గురించి చాలా మంచి మాటలున్నాయి, చదివి చూశాను. నా రిపోర్టులో కన్నా మంచి మాటలు. ఆ నిజాయితీ వల్లే తిరస్కరించమని సిఫారసు. వాడు దరఖాస్తు వెనక్కి తీసుకున్నాడు. “ఎలాగూ పోయేదే, అందరితో పోతే సరి” అన్నాడు. వాడితో నేను వాదించలేదు. వాదించవలసిందేమో.

ఏప్రిల్‌లోనే పన్నెండు నెలల డ్యూటీని పదిహేను నెలలు చేశారు. జూన్‌లో మా వాళ్లు వెళ్లిపోయారు. దరఖాస్తు నడుస్తున్నవాళ్లనూ తీసుకుపోవచ్చు, చట్టం ఆపదు. మా కెప్టెన్ నన్ను మోతబరువు అనుకున్నాడో ఏమో వెనక ఉంచేశాడు. ఆ రాత్రి వ్యాయామశాలలో భార్యలు, పసిపిల్లలు, పిజ్జా పెట్టెలు. నాకు వేసిన డ్యూటీ సంచులు లారీకి ఎక్కించడం. ఒక్కొక్కడికీ రెండు పచ్చ సంచులు. ఒహాయోవి తలుపు దగ్గర విడిగా పెట్టి చివర్లో ఎక్కించాను. ఎందుకో తెలియదు. నా సీట్లో ఇప్పుడు డ్రైవరు వాడేనని సంచులు మోస్తున్నప్పుడు ఒక సార్జెంట్ చెప్పాడు. నా వైపు చూడకుండానే చెప్పాడు.

ఆ తర్వాత ఏడు నెలలు ఏమీ జరగలేదు. ప్రతి శుక్రవారం అడిగేవాణ్ని, ఇంకా రాలేదనేవాళ్లు. గడ్డి కోశాను, పానాలు లెక్కపెట్టాను. నిద్ర పట్టేది కాదు. నేను ‘అన్ని యుద్ధాలూ’ అని రాసింది నాకు నిజంగా తెలిసినందుకా, ఆ ఫోన్‌లో ఆవిడ దారి చూపించినందుకా? తిరగేసి మరగేసి చూసుకున్నాను. అబద్ధం రాయలేదు. కానీ చట్టంలో ‘ఈ యుద్ధం’ అన్న గడి ఒకటి ఉండి ఉంటే, మొదటి రోజే దాంట్లో టిక్కు పెట్టి, మిగతా ప్రశ్నలు వేసుకోకుండానే బయటపడి ఉండేవాణ్ని.

2008 జనవరి 9, బుధవారం ఉదయం ఆఫీసుకు పిలిచారు. ఒక పేజీ. ఆమోదించారు. ఇచ్చిన రోజు నుంచి 394 రోజులు. ఎవరూ చెయ్యి కలపలేదు, గుమాస్తా పిల్ల మాత్రం నవ్వింది. డిశ్చార్జికి ఇంకో ఆరు వారాలు పట్టింది. ఐదేళ్ల ఒప్పందంలో ఒక ఏడాది తక్కువైంది కాబట్టి బోనస్‌లో ఐదో వంతు, 1,200 డాలర్లు, ఆఖరి జీతంలోంచి కోసుకున్నారు. దీని గురించి నాకు ముందు ఎవరూ చెప్పలేదు, మీరు చేతిలో ఉంచుకోండి. అనువాదం, టేపు రికార్డరు, జిరాక్సులు, పోస్టు కలిపి మరో 140 దాకా అయ్యాయి.

హ్యూస్టన్ వచ్చిన ఆదివారం అమ్మ కోడి కూర వండింది. మేక గురించి ఎత్తలేదు.

మొన్న, మార్చి 16న ఒహాయో దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది. సరిహద్దు క్యాంపులో బళ్లు మార్చుకుంటుంటే, చేతులు మారి మారి మన పాత లారీయే నాకు పడింది, నీ జిలేబీ అక్షరాలు చూసి గుర్తుపట్టానని రాశాడు. ఫోటో కూడా పెట్టాడు. డాష్‌బోర్డు మీద దుమ్ము వేలితో తుడిచినట్టుంది, రెండక్షరాలు, పక్కన ప్రశ్న గుర్తు. రెండు సంగతులు అడిగాడు: ఏసీ చల్లగాలి కొట్టడం లేదు, నువ్వేదో చేసేవాడివి, ఏంటది? ఇక్కడ రాసినదానికి అర్థమేంటి?

ఏసీ గురించి వెంటనే రాశాను. మీటకు ఎడమ పక్కన, జానెడు కింద, పిడికిలితో గట్టిగా ఒక్కటి కొట్టాలి. రెండోదానికి ఇంకా రాయలేదు.